నోరుకట్టు

రాజపాళయం,
జూలై 10, గురువారం.

నా కనకం అక్కకు,

ఫోను చేతిలో ఉండగా ఉత్తరమేంటి, దీనికేమైనా పిచ్చి పట్టిందా అనుకుంటున్నావు కదూ? ఫోనులో మాట్లాడాలంటే గొంతుండాలి కదక్కా. నా గొంతు పోయి రెండు నెలలైంది. మొదట బొంగురుపోయింది. జలుబే అనుకున్నాను. తర్వాత గుసగుసలాగా అయింది. ఇప్పుడు పెదవులు కదిలిస్తే గాలి వస్తుంది, మాట రాదు. ఆదివారం సభలో పాట ఎత్తుకునే నేను, తలమీద ముసుగేసుకుని వెనక వరుసలో కూర్చుంటున్నాను. ఎంత ఏడుపొస్తుందో నీకు చెప్పనక్కర్లేదు.

వాట్సాప్‌లో రాయొచ్చు నిజమే. కానీ నా ఫోను మా పిల్ల మోనిష చేతిలో ఉంటుంది, మోనిష వాళ్లవ్వ పక్కన ఉంటుంది. సత్రపట్టి బ్యాండేజీ కంపెనీలో మనిద్దరం రోల్స్ చుట్టే రోజుల్లో, మధ్యాహ్నం అన్నం వేళ నీ తెలుగు వేదపుస్తకం తెరిచి ఒక్కో అక్షరం నేర్పావు చూడు, ఆ అక్షరాలు ఈ ఇంట్లో ఇంకెవరికీ రావు. అందరూ నోటితో తెలుగే మాట్లాడతారు, రాసేది మాత్రం తమిళం. నువ్వు గుంటూరు వెళ్లిపోయాక పంపిన పత్రికలు చదివి చదివి నాకు రాయడం కూడా వచ్చేసింది. ఈ కాగితం బల్ల మీద వదిలేసినా నాకు భయం లేదు.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. అక్కా, నా గొంతు జలుబుతో పోలేదు. కట్టేశారు. ఎవరో కాదు, మా అత్త జక్కమ్మే.

అయ్యో, ముసలామెను అంత మాట అంటావా అని కోప్పడకు. ముందు విను. మా సభలో సోమవారం నుంచి ఇరవై ఒక్క రోజుల ఉపవాస ప్రార్థన మొదలైంది. ఆత్మీయ యుద్ధానికి ఆయత్తం అని పెద్ద బ్యానరు కట్టారు. పాస్టర్ కళైయరసన్ మొదటిరోజు దేవుడిచ్చే కవచం గురించి చెప్పారు. దట్టి, మైమరువు, డాలు, శిరస్త్రాణం, కత్తి, ఒక్కొక్కటీ ఎలా తొడుక్కోవాలో చేతులతో చేసి చూపించారు. తర్వాత పాస్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, గొంతు మీద నూనె రాసి, "చిత్రా, ఇది వాయ్ కట్టు, నోరుకట్టు. ఎవరో నీ పాట ఆపాలని కట్టినారు. ఇంట్లో రక్షణ లేనివాళ్లు ఎవరున్నారు?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. చెప్పే గొంతు లేదు కదా! కానీ మనసులో ఒక్క పేరే మెదిలింది.

ఎందుకంటే ఆ పొద్దునే నేను విన్నాను. మేడమెట్ల కింద తడిబట్టలు పిండుతున్నాను. అత్త వరండాలో కూర్చుని చోళపురంలో ఉన్న వాళ్ల చెల్లెలు పాపతో ఫోనులో మాట్లాడుతోంది. నేనున్నానని తెలియదు.

"చిత్రకు నోరు కట్టినాను పాపా. ఈ పొద్దు మొదలు ఇరవై ఒక్క రోజు. ఇంట్లో ఎవరికీ తెలీదు, నువ్వూ వాయ తెరవద్దు."

ఈ చెవులతో విన్నానక్కా. చిత్రకు నోరు కట్టినాను, అని. సరిగ్గా ఇరవై ఒక్క రోజులు, అని. మా సభ ఉపవాసమూ అన్నే రోజులు. మేము యుద్ధానికి దిగిన రోజే ఆమె కూడా దిగింది. ఇంకేం సాక్ష్యం కావాలి?

ఇంకొకటుంది. సోమవారం నుంచి నాకు పెట్టిన కూర ఆమె తినడం లేదు. నాకూ మా ఆయనకూ మోనిషకూ ఒక చట్టిలో వండుతుంది. తనకు చిన్న గిన్నెలో వేరేగా ఉడకేసుకుని, అటు తిరిగి కూర్చుని తింటుంది. ఏముందో అందులో, ఏముందో మా చట్టిలో! పగలంతా ఉపవాసం కాబట్టి సరిపోయింది. సాయంత్రం ఉపవాసం విడిచేటప్పుడు ఆ చేతి అన్నం తినకుండా బస్టాండు దగ్గర బేకరీలో బన్ను కొనుక్కుని తింటున్నాను.

నువ్వు ప్రార్థన చెయ్యి అక్కా. పేరు పెట్టి చెయ్యి.

నీ చెల్లెలు,
చిత్ర.


రాజపాళయం,
జూలై 20, ఆదివారం.

అక్కా, నా కనకం అక్కా,

నీ జాబు అందింది. రెండే వాక్యాలు రాశావు. "డాక్టరుకు చూపించావా? అత్తను అడిగావా?" అని. నీ మీద కోపం వచ్చింది. ఇంత ఘోరం రాస్తే డాక్టరు అంటావేంటక్కా? మా ఆయన కూడా అదే పాట. స్పిన్నింగ్ మిల్లులో షిఫ్టు దిగి రాగానే "గొంతు డాక్టరు దగ్గరికి పోదాము రా" అంటారు. ఆ మాట ఆయన నోట్లో పెట్టింది ఎవరనుకున్నావు? అత్తే. "రవీ, దాన్ని పెద్దాస్పత్రికి తోడుకోని పో" అని రోజూ నస. అంత ప్రేమ ఎందుకు పుట్టిందో! నన్ను ఉపవాసం మధ్యలో లేపాలని కాకపోతే? అందుకే నేను పోలేదు.

నేను మాత్రం ఊరికే లేను. పొద్దున్నే లేచి కవచం ఒక్కొక్కటీ పేరు చెప్పుకుంటూ తొడుక్కుంటున్నాను. పాస్టరమ్మ ఇచ్చిన నూనె గడపలకు, కిటికీలకు, గ్యాసుపొయ్యికి కూడా రాశాను. అత్త మంచం కాళ్లకు నాలుగింటికీ రాశాను. అది చూసి ఆమె "ఏమి పిల్లా, చీమలకా?" అని అడిగింది. ఎంత నటన! నేను తల ఊపాను. ఆ మధ్యాహ్నం చూస్తే, తను కూడా చెంబుతో నీళ్లు తెచ్చి మంచం కాళ్ల కింద పోస్తోంది. నా నూనెను కడగడానికే అని అప్పుడే అర్థమైంది.

ఆమె చిక్కిపోతోంది కూడా. బుగ్గలు లోపలికి పోయాయి, జాకెట్టు భుజం మీద నిలవడం లేదు. పాస్టరమ్మకు రాసి చూపిస్తే, "చూశావా, మన ప్రార్థనకు ఆ శక్తి కాలిపోతా ఉంది" అంది. నాకు సంతోషమైంది. నిజం చెప్పేస్తున్నాను, సంతోషమే అయింది.

అక్కా, ఒక విషయం నీకు ఎప్పుడూ చెప్పలేదు. మూడేళ్ల కిందట నేను బాప్తిస్మం తీసుకున్న రోజు గుర్తుందా? తడిచీరతో ఇంటికొచ్చాను. తిడుతుంది, చెప్పు తీస్తుంది, చుట్టాలందర్నీ పిలిచి గోల చేస్తుంది అని అన్నిటికీ సిద్ధపడే వచ్చాను. ఆమె ఏమీ అనలేదు. నన్ను పైనుంచి కిందికి చూసి, తువ్వాలు నా మీదికి విసిరి లోపలికి పోయింది. అంతే. ఈ రోజు వరకు దాని గురించి ఒక్క మాట లేదు. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. మాట అనడానికి కూడా పనికిరాని దాన్నా నేను? ఆ మౌనం మూడేళ్లుగా నా గుండెలో ముల్లై ఉంది. లోపల ఏదో పెట్టుకుని ఉంది కాబట్టే నోరు మెదపలేదని ఇప్పుడు తెలిసింది.

శుక్రవారం ఉపవాస కూటంలో ప్రార్థన చీటీ రాసి ఇచ్చాను. "నా ఇంట్లో శత్రువు ఉంది. మా అత్త జక్కమ్మ నాకు నోరు కట్టింది. ఆమె చేతబడి విరగాలి" అని. పాస్టర్ మైకులో చదివారు. నూటయాభై మంది చేతులెత్తి ఆమె పేరు చెప్పి కేకలు పెట్టారు. మా వీధివాళ్లు కూడా ఉన్నారు అందులో. నాకు ఒళ్లు జలదరించింది. నేను ఇంకా ఒకటి ప్రార్థించాను, లోలోపల. ఆమెను కొట్టు ప్రభువా, లేవకుండా కొట్టు, అని.

నిర్ణయం కూడా తీసుకున్నాను. వచ్చే ఆదివారం ఇరవై ఒకటో రోజు. ఆరాధన అయ్యాక పాస్టరమ్మ, ఇంకో అరడజను మంది అక్కలు ఇంటికి వస్తారు. ఆమె చేత ఒప్పిస్తారు. ఆ తర్వాత ఆమె ఈ ఇంట్లో ఉండకూడదు. చోళపురంలో ఉన్న మరిది హరికృష్ణన్‌కు మెసేజ్ పెట్టేశాను. "అత్తకు ఇక్కడ సరిపడడం లేదు, ఆదివారం రెండు గంటలకు వచ్చి తోడుకుని పో" అని. మా ఆయనకు చెప్పలేదు. ఆయన కాదంటే నేను మోనిషను తీసుకుని బయటికి నడుస్తాను. ఆమె అయినా ఉండాలి, నేనయినా ఉండాలి.

నన్ను ఆపాలని చూడకు అక్కా.

నీ చిత్ర.


రాజపాళయం,
జూలై 29, మంగళవారం.

కనకం అక్కకు,

ఏ ముఖం పెట్టుకుని రాస్తున్నానో నాకే తెలియదు. ఆదివారం జరిగింది జరిగినట్టే రాస్తాను. మధ్యలో ఆపితే ఇంక రాయలేను.

పన్నెండున్నరకు వచ్చారు అందరూ. హాలులో చాప వేశాను. మా ఆయన ఏం జరుగుతుందో తెలియక కుర్చీలు తెస్తున్నారు. అత్త వంటింటి గడప దగ్గర గోడకు ఆనుకుని కూర్చుంది. పాట పాడారు. ఒకటి అయ్యాక ఇంకొకటి. నాలుగు పాటలు. ఆమె నిమిషానికోసారి గడియారం వైపు చూస్తోంది. భయపడుతోంది అనుకున్నాను నేను.

పాస్టరమ్మ లేచి నిలబడి, తమిళంలో సూటిగా అడిగేసింది. "అమ్మా, నిజం చెప్పండి. మీరు వాయ్ కట్టినారా, లేదా?"

ఆమె ఏమాత్రం తడబడలేదు. "ఆమా, కట్టినాను" అంది.

మా ఆయన చేతిలో కుర్చీ అలాగే ఉండిపోయింది.

"ఎవరికి?"

"ఇంకెవరికి, దీనికిదా" అని నా వైపు వేలు చూపించింది. "ఇరవై ఒక్క రోజు. ఈ పొద్దుతో సరి. మీకెవరు చెప్పినారు? ఆ పాప చెప్పిందా? దానికి కడుపులో మాట నిలవదు."

అక్కలందరూ స్తోత్రం స్తోత్రం అని అరిచారు. చూశారా, నేను చెప్పలేదా, అని అందరి ముఖాల్లోకీ చూశాను. పాస్టరమ్మ చెయ్యి చాచి, "విప్పండి! ఇప్పుడే, మా అందరి ముందరే విప్పండి!" అని గర్జించింది.

అత్త మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచింది. "విప్పాలనిదా పొద్దున్నుంచి కాచుకోని ఉండాను. మీ పాటలు ముగిసేది లేదే" అంది. వంటింట్లోకి పోయింది. ఏ బొమ్మ తెస్తుందో, ఏ తాయెత్తు తెస్తుందో అని ఇద్దరక్కలు వెనక్కి జరిగారు. ఆమె ఉప్పు జాడీ తెచ్చింది. చిటికెడు ఉప్పు తీసి నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుని చప్పరించింది. "అబ్బా" అంది. తర్వాత, "విప్పినాను. ఇంక అన్నం తినొచ్చునా?" అని అడిగింది.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మోనిష ఒక్కతే చప్పట్లు కొట్టింది. "అవ్వా, ఇంక ఊరగాయ తినొచ్చు నువ్వు!" అని గంతులేసింది. అదే అందరికీ చెప్పింది. అవ్వ ఇరవై ఒక్క రోజులు ఉప్పు తినలేదట, కారం తినలేదట, వక్కాకు నమలలేదట. ఒంటిపూట ఉత్త గంజి. అమ్మకు గొంతు రావాలని. అమ్మకు చెప్తే వద్దంటుందని చెప్పొద్దన్నదట.

అక్కా, నోరు కట్టడమంటే అదక్కా. పథ్యానికి, మొక్కుకు తిండి మానుకోవడం. మా అమ్మ అనేది, మా అవ్వ అనేది. సుగరు వచ్చినవాళ్లను నోరు కట్టుకోమని మనమే అంటాము కదా! నువ్వయితే గుంటూరులో ఉండి "చిత్ర కోసం" అని ఉండేదానివి. మా ఇళ్లలో కోసమనే మాట ఎక్కడుంది? అంతా "కు" తోనే సరి. చిత్రకు అన్నం పెట్టినాను, చిత్రకు నోరు కట్టినాను. పుట్టినప్పటి నుంచి వింటున్న మాటను, భయంతో తలకిందులుగా విన్నాను.

పాస్టరమ్మ ముఖం పాలిపోయింది. అయినా ఊరుకోలేక, "ఏ సామికి మొక్కినారు?" అని అడిగింది.

అత్త ఉప్పుచేతిని కొంగుకు తుడుచుకుంది. "సామి పేరు పెట్టుకోలేదమ్మా. మా సామికి చెప్తే ఇది ఒప్పుకోదు. మీ సామికి ఎట్ల చెప్పాల్నో నాకు తెలీదు. ఇది ఒక్కతే ఆకలితో ఉండాదే, ఇంట్లో ఇంకొకరైనా తోడుండాల్నే అని కట్టినాను. వినేవాళ్లు వింటారు పో."

సరిగ్గా అప్పుడు వాకిట్లో బండి ఆగింది. రెండు గంటలు. హరికృష్ణన్ లోపలికి వచ్చి, ఇంతమందిని చూసి బిత్తరపోయి, "అమ్మా, గుడ్డలు సర్దుకున్నావా? వదినె నిన్ను తోడుకోని పొమ్మని మెసేజ్ పెట్టిందే" అన్నాడు.

ఆమె నా ముఖంలోకి చూసింది. మా ఆయన చూశారు. నేను ఎటు చూడాలో తెలియక నేలను చూశాను. ఆమె దగ్గరికొచ్చి, మెల్లగా, నాకు మాత్రమే వినబడేటట్టు అడిగింది. "నేను నీకు చేతబడి పెట్టినానని అనుకున్నావా పిల్లా?"

నేను అబద్ధమాడలేకపోయాను. తల ఊపాను.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లోపలికి పోయి నాలుగు చీరలు మూట కట్టుకుని వచ్చింది. గడప దిగేముందు, "ఎంతమంది ముందర చెప్పినావు?" అని అడిగింది. పక్కింటి పొన్నుత్తాయి, మా సభకే వస్తుంది, తల దించుకుని, "నూటయాభై మంది అమ్మా, మైకులో" అంది.

"అయితే అదే మైకులో, ఆ నూటయాభై మంది ముందర, కాదని చెప్పు. నీ నోటితో చెప్పాల. అప్పుడు వస్తాను. ఉత్త కన్నీళ్లకు నేను రాను" అని బండెక్కింది.

మా ఆయన రెండు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. మోనిష కూడా మాట్లాడడం లేదు. అక్కా, మన పోరాటం మనుషులతో కాదు అని ఆ కవచం మాటలకు ముందే రాసి ఉంది. నువ్వు అన్నం వేళ నాకు వేలు పెట్టి చదివించిన పేజీ అది. నేను కవచం దగ్గరికి పోవాలనే ఆత్రంతో దాన్ని దాటేశాను. దట్టి, మైమరువు, డాలు, కత్తి అన్నీ తొడుక్కుని, గంజి తాగుతున్న అరవై ఎనిమిదేళ్ల ఆడమనిషి మీదికి పోయాను. ఆమె చిక్కిపోతుంటే సంతోషపడ్డాను. నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

చిత్ర.


రాజపాళయం,
ఆగస్టు 10, ఆదివారం.

నా అక్కకు,

ముందు డాక్టరు సంగతి చెప్తాను, లేకపోతే తిడతావు. పోయిన బుధవారం మా ఆయన ఒక్క మాట మాట్లాడకుండా బండి స్టార్టు చేసి నిలబడ్డారు. ఎక్కాను. గొంతులోకి గొట్టం పెట్టి చూశారు. కంపెనీ మగ్గాల హోరులో పదకొండేళ్లు అరిచి అరిచి, ఆదివారాలు గొంతు చించుకుని పాడి, స్వరం పుట్టేచోట చిన్న కాయ కట్టిందట. దూది నూగు కూడా పడలేదట. రెండు నెలలు మాట్లాడకూడదు, గుసగుస కూడా వద్దు, తగ్గకపోతే ఆపరేషన్ అన్నారు. చేతబడీ లేదు, దయ్యమూ లేదు.

పోయిన ఆదివారం పాస్టర్ కళైయరసన్‌కు చీటీ ఇచ్చాను, సాక్ష్యం చెప్పాలి అని. ఆయన చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. "చెల్లీ, ఇది ఇప్పుడు చెబితే సభ విశ్వాసం చెదురుతుంది. మీ అత్తగారిని నువ్వు ఒంటరిగా క్షమాపణ అడుగు, చాలు" అన్నారు. చెడ్డమనిషి కాదక్కా. ఆయనకూ భయమే. కానీ ఒంటరిగా కాదు కదా నేను ఆమె పేరు పాడుచేసింది? ఇంటికొచ్చి రెండు రోజులు ఆలోచించాను. ఆయన నా చీటీ ఎందుకు దాచారో అని కూడా అనుమానపడ్డాను. చూడు, ఈ అనుమానపు బుద్ధి ఎంత లోతుగా దిగిందో నాలో! దాన్ని అక్కడే ఆపేసుకున్నాను.

మోనిష, "రాసివ్వమ్మా, నేను చదువుతా" అంది. నీ నోటితో చెప్పాల అని అత్త అన్న మాట గుర్తొచ్చి, వద్దని, ఆదివారం నేనే చెప్తానని రాసి చూపించాను.

ఈ పొద్దు ఆరాధనలో కానుకల పాట అవుతుండగా లేచి ముందుకు నడిచాను. ఎవరూ పిలవలేదు. పాస్టర్ చెయ్యి అడ్డం పెట్టబోయారు. పాస్టరమ్మ లేచింది. ఇంక అయిపోయింది, దించేస్తుంది అనుకున్నాను. ఆమె మైకు తీసి నా పెదవులకు ఆనించి, తనే పట్టుకుని నిలబడింది.

గాలే వచ్చింది మొదట. తర్వాత గరగరమని మాటలు వచ్చాయి, ముక్కలు ముక్కలుగా. "మా అత్త జక్కమ్మ నాకు ఏ చేతబడీ చేయలేదు. నా గొంతు రావాలని ఇరవై ఒక్క రోజులు ఉప్పు లేకుండా ఉన్నింది. నేను ఆమె మీద అబద్ధం చెప్పినాను. మీ అందరి చేత ఆమె పేరు చెప్పించి కేకలు పెట్టించినాను. ఆమె నాకు శత్రువు కాదు. నేనే ఆమెకు శత్రువుగా ఉన్నాను."

ఎవరూ స్తోత్రం అనలేదు. నేను తల దించుకుని, దిగిపోదామని తిరిగాను.

అప్పుడు వెనకనుంచి, చెప్పులు విడిచే చోటునుంచి, ఒక గొంతు వచ్చింది.

"ఇక్కడికి ఒక్క మాటా వినబడలే!"

నూటయాభై తలలు వెనక్కి తిరిగాయి. అత్త! పక్కన హరికృష్ణన్, చంకలో చీరల మూట. ఈ మూడేళ్లలో మా సభ గుమ్మం ఆమె తొక్కలేదు. లోపలికి రానూ లేదు, పోనూ లేదు. వాకిలి చట్రం పట్టుకుని నిలబడి, చెయ్యి చెవి వెనక పెట్టుకుంది.

"మళ్లీ చెప్పు పిల్లా. గట్టిగా చెప్పు."

నేను ఈ పొద్దు చెప్తానని మోనిష వాళ్లవ్వకు ఫోను చేసి ఉంటుంది. డాక్టరు ఏమన్నాడో కూడా ఆమెకు తెలుసు. హరికృష్ణన్‌కు మా ఆయన చెప్పకుండా ఉంటారా! అయినా అడిగింది. అడిగే హక్కు ఆమెకుంది.

మళ్లీ చెప్పాను అక్కా. మొదటినుంచి చివరిదాకా, గట్టిగా.

నీ చెల్లెలు,
జక్కమ్మ కోడలు చిత్ర.